అత్తయ్య కషాయం పనిచేస్తుందో లేదో తేల్చేది ఎలా?

కోస్తాలోని ఒక పెద్ద ఊరి నుంచి ఒక పాఠకురాలు వివరంగా ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. ప్రైవేటు పాఠశాలలో సైన్సు చెబుతారు. నీళ్ల విరేచనాలు పట్టుకుంటే ఆ ఊళ్లో చాలామంది ముందు ఆమె అత్తగారి దగ్గరికే వస్తారట. పెరట్లోని జామచెట్టు లేత చిగుళ్లు గుప్పెడు, ఎండిన దానిమ్మ తొక్క, కాస్త వాము, చిన్న శొంఠి కొమ్ము వేసి, మూడు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసుకు దిగేదాకా మరిగించి, వడగట్టి ఇస్తారు ఆ పెద్దావిడ. ఎవరి దగ్గరా పైసా తీసుకోరు.

కోడలు అవే దినుసులను నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, చిన్న సంచుల్లో నింపి, వేడి నీళ్లలో ముంచుకుని తాగే టీగా మార్చారు. తాగినవారి వివరాలు నోటు పుస్తకంలో రాస్తూ వచ్చారు. ముప్పై మంది దాకా పేర్లున్న ఆ పట్టికలో ఎక్కువమంది ఎదుట 'రెండు మూడు రోజుల్లో తగ్గింది' అని ఉంది. అది చూసి డ్వాక్రా సంఘం వారు 'విరేచనాలకు తిరుగులేని మందు' అని లేబులు వేసి అమ్ముదామంటున్నారు. భర్త రుణం సంగతి కూడా మాట్లాడి వచ్చారు. మందుల దుకాణం నడిపే తమ్ముడు మాత్రం 'చిక్కుల్లో పడతావు అక్కా' అంటున్నాడు. ఇంతలో పక్క ఊరి బాలికల వసతి గృహం వార్డెన్ వానాకాలానికి ప్యాకెట్లు కావాలని అడిగారు. టీని పరీక్షించడానికి ఇది మంచి అవకాశం కదా అనిపించింది ఈవిడకు.

ఆ సమయంలోనే ఇంట్లో ఒక సంఘటన జరిగింది. పుట్టింటికి వచ్చిన ఆడపడుచు పదకొండు నెలల బాబుకు విరేచనాలు పట్టుకున్నాయి. అమ్మమ్మ చెంచాలతో కషాయం పట్టారు. 'నీళ్లు పడితే ఇంకా ఎక్కువవుతాయి' అని పాలు, నీళ్లు తగ్గించారు. ఆశా కార్యకర్త ఇచ్చిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు అలమరలోనే ఉండిపోయింది. మర్నాటికి బాబు తోటకూర కాడలా వాలిపోతే ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. ఇప్పుడు బాగున్నాడు. కానీ తల్లీకూతుళ్లకు మాటల్లేవు. 'దీన్ని పద్ధతిగా పరీక్ష చేయిద్దాం అత్తయ్యా' అని కోడలు అంటే, 'నలభై ఏళ్లుగా ఊరు చేసిన పరీక్ష చాలదా?' అని పెద్దావిడ నొచ్చుకున్నారు. ఈ టీ నిజంగా పనిచేస్తుందా, పరీక్షించేది ఎలా, వసతి గృహానికి ఇవ్వవచ్చా, ఇంట్లో ఏం చెప్పాలి అన్నవి ఆవిడ ప్రశ్నలు.

సమాధానం:

అమ్మా, మీ ప్రశ్నలు నాలుగూ ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. ముందు బాబు సంగతి మాట్లాడుకుందాం. అది అర్థమైతే మిగతావి తేలికవుతాయి.

ఆ రోజు మీ ఇంట్లో ప్రమాదం కషాయం వల్ల రాలేదు. కషాయం ఇస్తున్నాం కదా అన్న ధీమాతో నీళ్లు, పాలు, ఓఆర్‌ఎస్ ఆగిపోవడం వల్ల వచ్చింది. నీళ్ల విరేచనాల్లో ప్రాణం తీసేది ఒంట్లోంచి వెళ్లిపోయే నీరు, లవణాలు. పసిపిల్లల ఒంట్లో నిల్వ తక్కువ కాబట్టి ఒక్క రాత్రిలో పరిస్థితి తిరగబడుతుంది. విరేచనాలు ఆపడం వేరు, పోయిన నీటిని తిరిగి నింపడం వేరు. మీ అత్తగారు మొదటిదాని మీదే దృష్టి పెట్టారు. ఆమె ఒక్కరే కాదు, మన ఊళ్లలో చాలామంది పెద్దల ఆలోచన ఇలాగే ఉంటుంది. పేగు కదలికను మందగింపజేసే పదార్థం ఏదైనా ఇస్తే విరేచనాల లెక్క తగ్గినట్టు కనిపిస్తుంది గానీ, నీరు పేగులోకి ఊరడం ఆగకపోవచ్చు. అప్పుడు బయటికి రాని నీరు పేగులోనే నిలుస్తుంది. ఇంట్లో వాళ్లు తగ్గిందనుకుంటారు, బిడ్డ మాత్రం ఎండిపోతూనే ఉంటాడు. పసిపిల్లలకు విరేచనాలు ఆపే మాత్రలు ఇవ్వవద్దని వైద్యులు అంత గట్టిగా చెప్పే కారణాల్లో ఇదొకటి.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోని బంగాన్ శిబిరాల్లో కలరాతో కుప్పకూలుతున్నప్పుడు సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా పొడిని పొట్లాలు కట్టించి, నీళ్లలో కలిపి రోగుల బంధువుల చేతే తాగించారు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు ఆయన శిబిరంలో 3.6 శాతానికి దిగాయి. ఆ నీళ్లు విరేచనాలను ఆపలేదు. అవుతున్నా మనిషిని బతికించాయి. గ్లూకోజు పేగు గోడ దాటేటప్పుడు సోడియంను వెంటబెట్టుకుపోతుంది, ఆ వెనకే నీరు వెళుతుంది. కలరాలో కూడా ఈ దారి మూసుకుపోదు. ఓఆర్‌ఎస్ కిటుకు ఇదే. మీరు సైన్సు చెబుతారు కాబట్టి ఇది మీ అత్తగారికి నాకన్నా మీరే బాగా విడమరచి చెప్పగలరు.

ఇక మీ టీ పనిచేస్తుందా అన్న ప్రశ్న. జామ ఆకుకు ఈ విషయంలో ఉన్న పేరు ఉత్తినే వచ్చింది కాదు. అందులో క్వెర్సెటిన్ అనే పదార్థం, దాని తోబుట్టువులు ఉన్నాయి. అవి పేగు కండరాల బిగింపును సడలిస్తాయి. మెక్సికోలో జామ ఆకు నుంచి తీసిన మందును కొలత ప్రకారం పెద్దవారికి ఇచ్చి చూశారు. కడుపునొప్పి ఉండే కాలం తగ్గిందని 2002లో ప్రకటించారు. మహారాష్ట్రలో జామ ఆకు కషాయాన్నే పెద్దవారికి ఇచ్చి, ఓఆర్‌ఎస్ మాత్రమే తీసుకున్నవారితో పోల్చి, త్వరగా కోలుకున్నారని 2020లో రాశారు. ఆ అధ్యయనంలో ఎవరు ఏం తాగుతున్నారో అందరికీ తెలుసు కాబట్టి దాని మాటే ఆఖరి మాట కాదు. దానిమ్మ తొక్కలో టానిన్లు ఎక్కువ, నోట్లో వగరు వాటిదే. కాబట్టి మీ అత్తగారి చేతిలో ఉన్నది కొట్టిపారేయదగిన వస్తువు కాదు. పరీక్షించదగిన వస్తువు. అయితే పైన చెప్పినవన్నీ పెద్దవారి మీద చేసినవి. పదకొండు నెలల బిడ్డకు అవి వర్తించవు.

మీ నోటు పుస్తకం దగ్గరికి వద్దాం. రాయాలన్న ఆలోచన రావడమే గొప్ప, చాలామందికి అదీ రాదు. కానీ అది మీరు అడిగిన ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు. మామూలు నీళ్ల విరేచనాలు ఏ మందూ లేకపోయినా చాలామందికి కొద్ది రోజుల్లో, సాధారణంగా వారంలోపే తగ్గిపోతాయి. మనుషులు మీ గుమ్మం ఎక్కేది మొదటి విరేచనం అయిన గంటకు కాదు, రెండో రోజునో మూడో రోజునో, ఇక ఓర్చుకోలేమనుకున్నప్పుడు. అంటే జబ్బు తగ్గుముఖం పట్టే సమయానికి. ఆ తర్వాత ఏం తాగినా 'రెండు మూడు రోజుల్లో తగ్గింది' అనే రాస్తాం. తనంతట తానే తగ్గే జబ్బుకు మందు ఉందో లేదో తేల్చడం అన్నిటికన్నా కష్టమైన పని.

ఇంకా చూడండి. తగ్గనివారు మీ దగ్గరికి మళ్లీ వచ్చి ఉండరు. ఆర్‌ఎంపీ దగ్గరికో, పట్నం ఆసుపత్రికో వెళ్లి ఉంటారు. వారి పేరు ఎదుట మీరు ఏం రాశారు? ఖాళీ వదిలారా, అసలు పేరే ఎక్కించలేదా? తగ్గినవారిలో ఎందరు మీ టీతో పాటు మాత్రలు కూడా మింగారు? ఎందరు గంజి, మజ్జిగ, పెరుగన్నం తీసుకుని పడుకున్నారు? పోనీ, మీ టీతో పాటు లోపలికి వెళ్లిన వేడి నీళ్లే మేలు చేసి ఉండవచ్చు కదా?

నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే విషయం మీ ఉత్తరంలో ఒక మూలన, మామూలుగా దాటేసిన చోట ఉంది. మీ అత్తగారు పచ్చి చిగుళ్లను మూడు వంతుల నీళ్లు ఒక వంతు అయ్యేదాకా మరిగిస్తారు. మీ సంచీ వేడి నీళ్లలో అయిదు నిమిషాలు మునుగుతుంది. ఈ రెండూ ఒకే మందు కావు. మరిగే నీళ్లలో అరగంట ఉన్న ఆకు వదిలే సారం వేరు, కాసేపు నానిన పొడి వదిలేది వేరు. పైగా ఎండు పొడికి తేమ తగిలితే బూజు పడుతుంది. బాగా మరిగితే క్రిములు చస్తాయి, గోరువెచ్చని నీళ్లలో ముంచితే చావవు. విరేచనాల కోసం తాగేదానిలోనే క్రిములు ఉంటే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. ఆకు కూడా అన్ని రుతువుల్లో ఒకలా ఉండదు, చెట్టు చెట్టుకూ తేడా. కాబట్టి ఊరు నలభై ఏళ్లుగా చేసిన పరీక్ష ఏదైనా ఉంటే, అది అత్తగారి కషాయానికే చెందుతుంది. మీ సంచీకి ఆ పరీక్ష ఇంకా జరగలేదు. పెద్దావిడ 'పొడి మంచిది కాదు' అంటున్నారని రాశారు. ఆ మాటలో కోపం ఉన్నా సత్యం కూడా ఉంది. ఆ ముక్క ఆమెతో ఒప్పుకోండి. మాటలు కలపడానికి అంతకన్నా మంచి మొదలు ఉండదు.

వసతి గృహం విషయంలో మాత్రం నేను దారులు చూపించను. ఇవ్వవద్దు. ఒక వసతి గృహంలో కొందరు పిల్లలకు ఒకేసారి విరేచనాలు పట్టుకున్నాయంటే మొదట చూడాల్సింది నీళ్ల ట్యాంకు, వంటగది, చేతులు కడుక్కునే చోటు. అది ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెంటనే తెలియాలి. మీ టీ వల్ల లెక్క కాస్త తగ్గినట్టు కనిపిస్తే ఆ కబురు ఆలస్యమవుతుంది. ఇక పరీక్ష అంటారా, పిల్లల మీద పరిశోధన చేయాలంటే తల్లిదండ్రుల అంగీకారం కావాలి, ఏడేళ్లు దాటిన పిల్లలను కూడా అడిగి ఒప్పించాలి. భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు ఈ మాట స్పష్టంగా చెబుతాయి. వార్డెన్ సరేననడం అంగీకారం కాదు. ఆ అమ్మాయిలు 'వద్దు' అనలేని చోట ఉన్నారు. వార్డెన్‌కు ఓఆర్‌ఎస్ పొట్లాలు నిల్వ ఉంచమని, ట్యాంకులో క్లోరిన్ పరీక్ష చేయించమని చెప్పండి. ఆమెకు మీరు చేయగల నిజమైన సాయం అదే.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

కషాయాన్ని ఇంతకాలం ఉన్నట్టే ఉండనివ్వడం ఒక దారి. ఇంటి పానీయంగా, డబ్బు లేకుండా, పెద్దవారికి మాత్రమే, ఓఆర్‌ఎస్ పక్కన. ఇందులో పోయేదేమీ లేదు. మీ అత్తగారి గౌరవం నిలుస్తుంది, ఊరికి అలవాటైన ఊరట నిలుస్తుంది. కాకపోతే మీ అత్తగారు కొన్ని షరతులకు ఒప్పుకోవాలి. వచ్చినవారికి కషాయం గ్లాసు కన్నా ముందు ఓఆర్‌ఎస్ గ్లాసు చేతికి ఇవ్వాలి. ఆర్నెల్ల లోపు బిడ్డకు తల్లిపాలు, వైద్యుడు చెప్పిన ఓఆర్‌ఎస్ తప్ప ఏదీ పట్టకూడదు. చిన్నపిల్లలకు, గర్భిణులకు కషాయం వద్దు. మధుమేహానికి మాత్రలు వాడేవారిని అడిగి తెలుసుకోవాలి. జామ ఆకు టీ భోజనం తర్వాత పెరిగే చక్కెరను తగ్గిస్తుందని జపానులో దాన్ని ఆరోగ్య పానీయంగానే అమ్ముతారు. తిండి లోపలికి పోని రోజున మాత్రతో పాటు ఇదీ తోడైతే చక్కెర పడిపోవచ్చు. పిల్లలు తాగడానికి ఇష్టపడాలని బెల్లం దండిగా వేసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. మీ ఇంట్లో ఉంటే మానేయండి. తీపి ఎక్కువైతే పేగులోకి నీరు ఇంకా లాగుతుంది.

డ్వాక్రా సంఘం కోరుకునే అమ్మకం రెండో దారి. ఇందులో రెండు వాకిళ్లు ఉన్నాయి, రెండింటికీ తాళాలు వేరు. ఆహార పదార్థంగా అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ దగ్గర నమోదు చేయించుకోవాలి, చిన్న తయారీదారులకు అది అందుబాటులోనే ఉంటుంది. కానీ అప్పుడు ప్యాకెట్టు మీద, ప్రకటనలో, ఎక్కడా జబ్బు తగ్గిస్తుందన్న మాట రాయకూడదు. 2018 నాటి ప్రకటనల నిబంధనలు దానికి ఒప్పుకోవు. 'జామ ఆకు పానీయం' అని అమ్ముకోవచ్చు, అంతే. దానికి ఎంత గిరాకీ ఉంటుందో రుణం తీసుకోకముందే సంఘంలో లెక్క వేసుకోవాలి. మందుగా అమ్మాలంటే 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కింద రాష్ట్ర ఆయుష్ అధికారుల నుంచి తయారీ లైసెన్సు కావాలి. శుభ్రత, నిల్వ, నాణ్యత పరీక్షల వసతులు చూపించాలి. మీ దినుసుల కలయిక ప్రాచీన గ్రంథాల్లో చెప్పినది కాకపోతే అది పనిచేస్తుందనడానికి, హాని చేయదనడానికి ఆధారాలూ అడుగుతారు. ఇది సంఘం ఒక్కటే చేయగలిగిన పని కాదు, లైసెన్సు ఉన్న తయారీదారుతో కలవాల్సి వస్తుంది. మీ తమ్ముడు భయపెట్టడానికి అనలేదు, తన వృత్తి తెలిసి అన్నాడు.

నాకు మనసుకు దగ్గరైనది మూడో దారి. అది నెమ్మదైనది కూడా. విజయవాడలోని డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలకో, హైదరాబాదులోని డాక్టర్ బి.ఆర్.కె.ఆర్. ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలకో మీ అత్తగారి కషాయం తయారీ విధానం, మీ నోటు పుస్తకం పట్టుకుని వెళ్లండి. మందు మొక్కల గుణాలను పరిశీలించే ద్రవ్యగుణ విభాగంలో అడగండి. వారికి ఆసక్తి కలిగితే ముందు ఆకును గుర్తిస్తారు, సారంలో ఏం ఉందో, బూజు, క్రిములు, భార లోహాలు ఉన్నాయేమో చూస్తారు. మనుషుల మీద పరీక్ష ఆ తర్వాతి మాట. దానికి పరిశోధనలు న్యాయంగా జరిగేలా చూసే నీతి సంఘం అనుమతి, భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందస్తు నమోదు తప్పవు.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో చెబుతాను, అప్పుడు మీ పుస్తకంలో లేనిదేమిటో మీకే తెలుస్తుంది. జబ్బు మొదలై ఇన్ని గంటలలోపే అన్న షరతుతో పెద్దవారిని తీసుకుంటారు. రక్తం పడుతున్నవారిని, బాగా నీరసించినవారిని తీసుకోరు, ఆసుపత్రికి పంపుతారు. మిగిలినవారిని చీటీలు తీసినట్టు రెండు జట్లు చేస్తారు. ఎవరు ఏ జట్టో వైద్యుడి ఇష్టానికి వదలరు. రెండు జట్లకూ ఓఆర్‌ఎస్ ఇస్తారు, దానిలో రాజీ లేదు. ఒక జట్టుకు మీ కషాయం, రెండోదానికి రంగు, వగరు అలాగే ఉండే, మందు లేని ఉత్త పానీయం. ఏది ఎవరికి వెళ్లిందో తాగేవారికీ తెలియదు, రాసేవారికీ తెలియదు. ఆఖరి నీళ్ల విరేచనం ఎన్నో గంటకు అయింది, ఎంత ఓఆర్‌ఎస్ తాగాల్సి వచ్చింది, బరువు ఎంత తగ్గింది, ఎవరిని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది అన్నవన్నీ రాస్తారు. మధ్యలో మానేసినవారిని వెతికి పట్టుకుని వారి సంగతీ రాస్తారు. దేన్ని గెలుపుగా లెక్కిస్తారో ముందే ప్రకటించి మరీ మొదలుపెడతారు. ఫలితం మీకు నచ్చనిది రావచ్చు. తేడా లేదని తేలవచ్చు. అది వినడానికి సిద్ధమైతేనే ఈ దారి పట్టండి.

ఇలా నెగ్గిన మొక్కలు లేకపోలేదు. దక్షిణ అమెరికాలో క్రోటన్ లెక్లెరి అనే చెట్టు బెరడు గాటు పెడితే కారే ఎర్రటి పాలను అక్కడివారు విరేచనాలకు వాడేవారు. దాని నుంచి తీసిన క్రోఫెలెమర్‌ను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో ఆమోదించింది. అయితే దేనికి? హెచ్‌ఐవీకి మందులు వాడేవారికి వచ్చే, సూక్ష్మక్రిముల వల్ల కాని విరేచనాలకు మాత్రమే. ఎవరికి, ఏ జబ్బుకు, ఎంత మోతాదు అన్న హద్దులు పరీక్ష వల్లే ఏర్పడ్డాయి. 'తిరుగులేని మందు' అన్న మాట అలాంటి పరీక్షల దగ్గర నిలవదు.

అత్తగారికి నచ్చజెప్పడానికి మన భీమవరం బిడ్డ కథ చెప్పండి. యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములను స్ప్రూ అనే మొండి విరేచనాల జబ్బు బలి తీసుకుంది. ఆయనకూ అదే వచ్చింది. మద్రాసులో ఆయనను కోలుకునేలా చేసింది ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్స. లక్ష్మీపతి గారు ఇంగ్లీషు వైద్యం చదివి, ఆపైన ఆయుర్వేదం నేర్చినవారు. సుబ్బారావు గారు లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పి, ఆ తర్వాత అమెరికా వెళ్లారు. ఆయన పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో 1945 నాటికి ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను తయారు చేశారు. స్ప్రూ చికిత్సలో అది ఈనాటికీ వాడుకలో ఉంది. తనను బతికించిన వైద్యాన్ని ఆయన తక్కువ చేయలేదు, ఆ వైద్యం దగ్గరే ఆగిపోనూ లేదు. మీరు అత్తగారిని అడుగుతున్నది కూడా ఇంతే. ఆమె హస్తవాసిని అనుమానించడానికి కాదు, ఆమె తర్వాత ఆ కొలత మిగలాలని. 'అత్తయ్యా, మీరు గుప్పెడు అంటారు, మీ గుప్పెడు ఎంతో తూకం వేసి రాసుకుంటాను' అని అడిగి చూడండి. ఆమె పక్కన పొయ్యి దగ్గర కూర్చుని రాయండి. పరీక్ష అన్న మాట అప్పుడు అవమానంగా వినిపించదు.

ఆడపడుచు సంగతి వేరు. ఆమె బిడ్డను దాదాపు పోగొట్టుకున్నంత భయం చూసింది. 'అమ్మ ప్రేమతోనే చేసింది' అని మీరు మధ్యవర్తిగా చెబితే ఆ భయాన్ని తోసిపుచ్చినట్టే అవుతుంది. ఆమె వినాలనుకునేది ఒక్కటే, మళ్లీ ఇలా జరగదన్న మాట. ఆ మాట అత్తగారి నోటితో రావాలి. రాకపోతే, పసిపిల్లలకు ఈ ఇంట్లో కషాయం పట్టరని మీరూ మీ వారూ ఖాయం చేయండి. తల్లీకూతుళ్లు కలవడానికి కొంత కాలం పట్టినా తొందరపెట్టకండి.

ఆ అలమరలోని ప్యాకెట్టును బయటికి తీసి అందరికీ కనిపించే చోట పెట్టండి. రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపై పిల్లలకు 100 నుంచి 200, చెంచాతో, తొందర లేకుండా. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ. ఆర్నెల్లు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు, విరేచనాలు తగ్గినా 14 రోజులు. ఓఆర్‌ఎస్, జింకు రెండూ ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతాయి. తల్లిపాలు, తిండి ఆపకూడదు. దుకాణంలో కొంటే డబ్ల్యూహెచ్‌ఓ సూత్రం అని ఉన్న పొడి ప్యాకెట్టే అడగండి. తీపి పానీయాలను ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మడం మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాకే 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. విరేచనంలో రక్తం, లోతుకు పోయిన కళ్లు, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, తాగలేకపోవడం, మత్తుగా పడి ఉండడం, చర్మాన్ని రెండు వేళ్లతో గిల్లినట్టు పట్టి వదిలితే మడత నెమ్మదిగా పోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా కషాయం, సలహా రెండూ పక్కన పెట్టి ఆసుపత్రికి బయలుదేరాలి.

సంఘం సమావేశం వచ్చే వారమే అన్నారు. మూడు దారుల్లో ఏది పట్టాలో తేల్చుకోవడానికి మీకు ఇంకా సమయం ఉంది. ఆ లేబులును మాత్రం ఈ సమావేశంలోనే ఆపించండి, రుణం కాగితాల మీద అప్పటిదాకా ఎవరినీ సంతకం చేయవద్దనండి. వీలైతే మీ తమ్ముణ్ని వెంట తీసుకెళ్లండి. చట్టం గురించి మీ కన్నా అతను చెబితే సంఘం వాళ్లు, మీ వారు కూడా, నిదానంగా వింటారు.